లార్డ్ బారోమీటర్ కూతురు

ట్రక్కు సవానా మైదానంలోని స్టేజి అంచుకు చేరి స్పీకర్లు గొంతు విప్పిన క్షణంలోనే, అందులోంచి వస్తున్న గొంతు తనది కాదని ఎవ్రిల్ నొరీగాకి తెలిసిపోయింది.

వాయింపు తనదే. ఆ డ్రమ్ములూ, ఆ బూరలూ, మధ్యలో ఖంగుమనే ఇనుమూ, అన్నీ తన పాటవే. పాడుతున్నది మాత్రం మికాలా టూసాన్.

ఎవ్రిల్ ఎత్తిన మైకు గాల్లోనే ఆగిపోయింది. కింద నీలం ఈకలు కట్టుకున్న జనం కెరటంలా స్టేజి మీదికి దూకారు. "జరగండి జరగండి, నా వంతు వచ్చింది!" అని మికాలా కేక పెడితే, వేల గొంతులు ఆ కేకని అందుకున్నాయి. ఎవ్రిల్ పాట కోసం నెలరోజులుగా ఎదురుచూస్తున్నామని పొద్దున్న ప్రమాణం చేసినవాళ్లే అందరికంటే ఎత్తుకి ఎగురుతున్నారు.

కార్నివాల్ సోమవారం. ఇవాళా రేపూ, ఈ రెండు రోజులూ వేషగాళ్ల గుంపులు తమ తమ ట్రక్కులతో న్యాయనిర్ణేతల ముందు నుంచి వెళ్తాయి. ఆ చోట్లలో ఏ పాట ఎక్కువసార్లు మోగితే ఆ ఏటి రోడ్ మార్చ్ అదే. మిగతా బిరుదులు బుధవారానికల్లా జనం మర్చిపోతారు. రోడ్ మార్చ్ కొట్టినవాణ్ణి మాత్రం పాడె మీద కూడా ఆ పేరుతోనే పిలుస్తారు.

ఎవ్రిల్‌కి నలభై నాలుగేళ్లు. సగం జీవితం సోకా, అంటే కార్నివాల్ జనాన్ని ఎగిరించే పాటలు, పాడింది. "ఈ ఏడు నీదే" అని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ మొత్తం ఆమెతో అనడం ఇదే మొదటిసారి. ఆమె పాట పేరు "గేటు తెరువు". మికాలాది "నా వంతు". రెండింటికీ వాయింపు ఒక్కటే, చేసినవాడు కజో. సోకాలో అదేం వింత కాదు. ఒకడు వాయింపు తయారుచేస్తాడు, దాని మీద ఇద్దరో ముగ్గురో ఎవరి పాట వాళ్లు పాడుకుంటారు. గొంతు వచ్చేదాకా ఏది ఎవరిదో కన్నతల్లి కూడా చెప్పలేదు.

ఎవ్రిల్ తేరుకుంది. వాయింపు ఒకటే కాబట్టి తన మాటలు దీని మీద కూర్చుంటాయి. మైకు నోటికి ఆనించి "గేటు తెరువు!" అని ఎత్తుకుంది. ఇళ్లంత స్పీకర్లలో మికాలా గొంతు ముందు అది దోమ పాటైపోయింది. కింద ఒకడు తలెత్తి చూసి పకపకా నవ్వాడు.

"ఏయ్, లార్డ్ బారోమీటర్ కూతురా! పాట మర్చిపోయావా? మీ నాన్ననడుగు, ఆయన పాడతాడు!"

దాంతో ఆమెకి ఒళ్లు తెలియలేదు.

"దొంగదానా! నా దగ్గర ఊపిరి పీల్చడం నేర్చుకుని నా స్టేజికే కన్నం వేశావు కదే మికాలా! దొంగమొహమా!"

ఖర్మ ఏమిటంటే, కజో ఆ పాటలో సరిగ్గా అక్కడే వాయింపు ఆపి ఒక ఖాళీ వదిలాడు. జనం అక్కడ గాల్లోకి లేవాలి, కింద పడేటప్పటికి డ్రమ్ములు మళ్లీ అందుకోవాలి. ఆ ఖాళీలోకే ఎవ్రిల్ తిట్టు నిండుగా పడింది. గ్రాండ్‌స్టాండులో పాపకి పాలు పడుతున్న తల్లి దగ్గర్నుంచి న్యాయనిర్ణేతల దాకా అందరూ విన్నారు.

*

స్టేజి దాటాక ట్రక్కు చెట్టు నీడన ఆగింది. ఎవ్రిల్ మెట్లు దిగకుండా పాటలు వేసే సీపర్సాద్ మీదికి దూకినంత పని చేసింది.

"ఎంతిచ్చిందిరా నీకు?"

"మిస్ ఎవ్రిల్, కాలీమాత మీద ఒట్టు!" సీపర్సాద్ చెవుల మీది హెడ్‌ఫోన్ మెడలోకి లాక్కున్నాడు. "చూడండి, డిస్క్ మీద మీ పేరే ఉంది. కళ్లు పోతాయి అబద్ధమాడితే."

ఉంది. వెండి రంగు డిస్క్ మీద నల్ల మార్కరుతో పెద్ద పెద్ద అక్షరాల్లో ఎవ్రిల్ అని రాసి ఉంది.

"వెయ్యబోయే ముందు వినవా?"

"విన్నాను. మొదలు విన్నాను. డ్రమ్ములు, బూరలు, అంతా సరిగ్గానే ఉంది. అన్ని ట్రక్కుల్లో అందరూ వినేది అంతే. పాట చివరిదాకా వింటూ కూర్చుంటే తర్వాతి పాట ఎవరు వేస్తారు, మా అమ్మమ్మా?" డిస్క్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు. "అమ్మమ్మంటే గుర్తొచ్చింది. ఇది పట్టుకుంటే నాకు పొద్దుట్నుంచీ ఆవిడే కళ్లలో మెదులుతోంది. జ్వరంతో మంచం మీద ఉన్నప్పటి అమ్మమ్మ."

ఎవ్రిల్ ఆ మాట చెవిన పెట్టలేదు. ఆమె కళ్ల ముందు మికాలా తప్ప ఏమీ లేదు.

లెక్క ఆమెకి తేటతెల్లంగానే ఉంది. రోడ్డు మీదికని ప్రత్యేకంగా పొడిగించిన పాటని కజో నిన్ననే ముగించాడు. తెమ్మని తనే నాన్నని పంపింది. నాన్న తెచ్చి సీపర్సాద్ చేతిలో పెట్టాడు. అంటే పాట మారింది కజో దగ్గరే. కజోని మాయచేసి మార్పించే అవసరం ఎవరికుంది? కజోనే అడుగుదామంటే, కార్నివాల్‌కి సగం పాటలు తయారుచేసే ఆ మనిషికి కార్నివాల్ గోల పడదు. స్టూడియోకి తాళం వేసి మయారో సముద్రం ఒడ్డుకి పోయాడు. ఫోను ఎత్తడు, బుధవారం దాకా రాడు.

మికాలా ఏడేళ్లు ఎవ్రిల్ వెనక నిలబడి పాడింది. చెప్పులు అరిగిపోయి వస్తే తన చెప్పులిచ్చింది ఎవ్రిల్. ఊపిరి పొట్టలోంచి ఎలా తీయాలో పొట్ట మీద చెయ్యి పెట్టి నేర్పింది. ఆ పిల్ల మొహమే ఇప్పుడు శీతల పానీయం ప్రకటనల్లో గోడల మీద ఉంది, మెయిన్ రోడ్డులో ఒకటి, ఎవ్రిల్ పడకగది కిటికీకి ఎదురుగా ఒకటి. పొద్దున్నే లేచి ఆ పళ్లు చూడాల్సి వస్తోంది. పోయిన ఏడు పోటీకి ముందు మికాలా గొంతు పోయిందని విన్న రోజున, ఎవ్రిల్‌కి చాలా కాలం తర్వాత కమ్మగా ఆకలేసింది. రెండు పళ్లేల కోడి పెలావ్ అన్నం తింది.

"నువ్వు కిందికి దిగు." మిసెస్ అలియాంగ్ వచ్చింది. నీలి గుంపు మొత్తం ఆవిడది. మెడలో విజిల్, చేతిలో గొడుగు, మాటలో మొహమాటం లేదు. "నా మైకులో ఒక ఆడపిల్లని దొంగ అన్నావు. ఇరవై ఏళ్లుగా గుంపు నడుపుతున్నా, నా ట్రక్కు మీంచి ఇలాంటి కూత ఎవరూ కూయలేదు."

"మేడమ్, నా పాట మార్చేశారు! చెవులతో విన్నారుగా!"

"విన్నాను. నా జనం ఎగరడం కూడా చూశాను. నా జనం ఎగిరితే నాకు చాలు, పాట ఎవరిదైతేనేం? రేపూ అదే వేయిస్తా."

"రేపూనా?"

"అసలు డిస్క్ తీసుకురా. ఎవరు మార్చారో చెప్పు. రేపు ట్రక్కు కదిలేలోపు నా ముందు రెండూ ఉంటే, రేపు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నీ పాటే. లేదంటే నువ్వు ట్రక్కెక్కనక్కర్లేదు. ఇంట్లో కూర్చుని టీవీలో చూసుకో."

విజిల్ ఊది వెళ్లిపోయింది.

డ్రైవరు పక్క సీట్లోంచి ఎథెల్‌బర్ట్ నొరీగా మెల్లగా దిగాడు. తెల్ల సూటు, తెల్ల టోపీ. పాటగాడిగా ఆయన పేరు లార్డ్ బారోమీటర్, ఆ పేరు తెలియనివాడు ఆ రోడ్డు మీద లేడు. ఎవ్రిల్ పుట్టిన ఏడాది రోడ్ మార్చ్ ఆయనది. నలభై నాలుగేళ్లైనా ఏటా ఏదో ఒక ట్రక్కు ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుంటుంది, ఏటా జనం చెయ్యూపుతారు, ఆయన టోపీ ఎత్తుతాడు.

"పోనీలే డూడూ." కూతుర్ని ఆయన పిలిచే ముద్దుపేరు అదే. జేబులోంచి రుమాలు తీసి ఆమె నుదురు తుడిచాడు. "రోడ్డు చాలా పొడుగు. వచ్చే ఏడు లేదా?"

"వచ్చే ఏడు నాకు గొంతు ఉంటుందా నాన్నా? ఉన్నా ఎవడికి కావాలి? ఇది నా చివరి ఏడు, నీకు తెలుసు."

ముసలాయన టోపీ సర్దుకున్నాడు. "మోకాళ్లు లాగుతున్నాయి. ఇంటికి పోతా," అన్నాడు. రుమాలు ఆమె చేతిలోనే వదిలేసి, బెల్మాంట్ వైపు దారితీశాడు. రోడ్డు దాటుతుంటే ఎవరో "రోడ్ మార్చ్!" అని కేకేశారు. ఆయన టోపీ ఎత్తాడు.

ఎవ్రిల్ సీపర్సాద్ చేతిలోంచి డిస్క్ లాక్కుంది.

"ఎక్కడికి మిస్ ఎవ్రిల్?"

"దొంగ దగ్గరికి."

"జాగ్రత్త," అన్నాడతను. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటుంది మా అమ్మమ్మ. ఆ పిల్ల ఏడేళ్లు మీ ఇంటి పిల్లేగా."

"అందుకే పడతా."

*

మికాలా ట్రక్కు వెనక వరసలో తన వంతు కోసం ఆగి ఉంది. ఆమె కొబ్బరిబొండాల బండి దగ్గర నిలబడి, లిప్‌స్టిక్ చెదరకుండా బొండాం తాగడమెలాగో బండివాడికి నేర్పుతోంది. చుట్టూ నవ్వులు. ఎవ్రిల్‌ని చూసి నవ్వులు సర్దుకున్నాయి.

"రా, ట్యాంటీ." ఏడేళ్లూ మిస్ ఎవ్రిల్ అన్న నోరే. ముసలి పిన్నమ్మని పిలిచినట్టు ఆ మాట సాగదీసి అంది మికాలా. "నీ పాట విన్నాను. అదే, మధ్యలో ఖాళీలో పాడావే. 'దొంగమొహమా'. చాలా బాగుంది. రేడియోకి ఇచ్చావా?"

"డిస్క్ ఎక్కడుందే?"

"ఏ డిస్కు?"

"నాటకాలాడకు. కజోని పట్టుకుని నా డిస్క్ మార్పించావు. నా ట్రక్కు మీద నీ గొంతు ఎలా వచ్చింది? దానంతటది నడిచొచ్చిందా?"

మికాలా బొండాం బండి మీద పెట్టింది. నవ్వు పోయింది.

"నీ ట్రక్కు నాకెందుకు ట్యాంటీ? అటు చూడు, నాకు నా ట్రక్కుంది. వెనకాల ఇంకో మూడు గుంపులు నా పాట వేస్తామన్నాయి. నిన్ను దోచుకోవాలంటే నాకు లేనిదేదో నీ దగ్గరుండాలి కదా!"

కొబ్బరిబొండాలవాడు "అమ్మో" అన్నాడు.

"నా చెప్పులేసుకుని స్టేజెక్కినదానివి..."

"వేసుకున్నా! ఒక నంబరు చిన్నవి. ఏడేళ్లు కాళ్లు బొబ్బలెక్కినా కిక్కురుమనలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఒక చరణం నన్ను పాడనిచ్చావా? నా గొంతు నీ గొంతుని దాటుతుందేమోనని నా మైకు తగ్గించమని నువ్వు చెప్పేదానివి. నాకు తెలీదనుకున్నావా?"

ఎవ్రిల్‌ చూపు పక్కకి తిప్పుకుంది. అది నిజమే మరి.

మికాలా గొంతు కాస్త తగ్గింది. "నన్ను దొంగన్నావు. పోనీ. నీ ఇంట్లో ఒక్కరికైనా నేనంటే గౌరవముంది, అది చాలు నాకు."

"ఎవరికి?"

"మీ నాన్నగారికి. నిన్న నీ పాట తీసుకోవడానికి వచ్చినప్పుడు, నాది కూడా ఒకటిమ్మని కజోని అడిగారట. 'ఆ పిల్ల పాట ఇంట్లో తీరిగ్గా వింటాను' అన్నారని కజో ఊరు వెళ్లేముందు ఫోన్ చేసి చెప్పాడు. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. లార్డ్ బారోమీటర్ నా పాట అడిగి తీసుకెళ్లారు! మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను."

కాస్త తీరిగ్గా ఆలోచించే మనిషికి అక్కడే దీపం వెలిగేది. ఎవ్రిల్‌కి మాత్రం కొత్త మంట రాజుకుంది. నాన్న! తన పాటని ఎప్పుడైనా అడిగి తీసుకున్నాడా? "గేటు తెరువు" మొదటిసారి వినిపించినప్పుడు ఏమన్నాడు? "బూరలు ఎక్కువయ్యాయి" అన్నాడు. ఈ పిల్లది మాత్రం తీరిగ్గా వింటాడట! ఊరంతా పోతే పోయింది, ఆఖరికి నాన్న కూడా!

ఆమె ఇంకో మాట లేకుండా తిరిగి నడిచింది. వెనక నుంచి మికాలా అరిచింది. "ట్యాంటీ! డిస్క్ దొరికితే చెప్పు. నేను నీతో పోటీ పడి గెలవాలి. ఇలా గెలిస్తే నాకేం రుచి?"

ఆ మాట కూడా ఎవ్రిల్‌కి ఎగతాళిగానే వినిపించింది.

*

సవానా నుంచి బెల్మాంట్‌కి ఎంతో దూరం లేదు. కానీ ఎదురుగా వచ్చే ప్రతి గుంపూ ఎవరో ఒకరి పాట మోసుకొస్తోంది. బంకమట్టి పూసుకున్నవాళ్లు, పెయింటు పూసుకున్నవాళ్లు, రెక్కలు సగం ఊడిపోయి వాటిని చంకలో పెట్టుకుని శనగలు మడిచిన డబుల్స్ రొట్టెలు తింటున్నవాళ్లు. ఒక మూల "గేటు తెరువు" మోగింది. ఎవ్రిల్ ఆగింది. అది ఒక ఇంటి అరుగు మీద పాత రేడియో. న్యాయనిర్ణేతలు అక్కడ ఎవరూ లేరు.

ఎండ మాడ్చేస్తోంది. ఎడమచేతిలో డిస్క్‌తో విసురుకుంటూ, కుడిచేతిలో నాన్న రుమాలుతో మెడ తుడుచుకుంటూ నడిచింది.

నాలుగు అడుగులు వేసి ఆగిపోయింది.

రుమాలు వాసన చూసింది. తలకి రాసుకునే ఘాటైన ఆకు సారా, బే రమ్. నాన్న తల, నాన్న దిండు, నాన్న కుర్చీ వెనక గుడ్డ, అన్నింటికీ ఉండే వాసనే. జ్వరమొస్తే బే రమ్, తలనొప్పికి బే రమ్, దోమ కుడితే బే రమ్. అందులో వింతేమీ లేదు.

డిస్క్ వాసన చూసింది.

అదే.

జ్వరంతో మంచం మీద ఉన్నప్పటి అమ్మమ్మ, అన్నాడు సీపర్సాద్.

పట్టుకుని తెచ్చినవాడి చేతి వాసన అంటి ఉంటుందిలే, అని సర్దిచెప్పుకుంది. కానీ ఒక పగలూ ఒక రాత్రీ గడిచాక, వేలి వాసన ఇంత ఘాటుగా మిగులుతుందా? ఇది అంటిన వాసన కాదు, పూసి రుద్దిన వాసన. ఎవ్రిల్ డిస్క్‌ని ఎండకి అడ్డంగా వాల్చింది. తన పేరు కింద ఇంకో పేరు నీడలా కనబడింది. ఎవరో గుడ్డతో గట్టిగా తుడిచారు, అయినా మార్కరు పూర్తిగా పోలేదు. మొదటి అక్షరం మి.

బే రమ్ పెట్టి రుద్దితే మార్కరు పోతుందని ఆమెకి తెలుసు. చిన్నప్పుడు వంటింటి గోడ మీద తను గీసిన బొమ్మలు నాన్న అలాగే తుడిచేవాడు, అమ్మ చూడకముందే.

రోడ్డు మీద జనం ఆమెని తోసుకుంటూ పోతున్నారు. "కదులమ్మా, ఇది కార్నివాల్, చర్చి కాదు!" అని ఎవరో అన్నారు. ఎవ్రిల్ కదల్లేదు. దొంగ మికాలా అయితే ఎంత హాయిగా ఉండేది! జీవితాంతం తిట్టుకోవచ్చు. ఆ హాయి కూడా ఎవరో లాగేసుకున్నట్టు అనిపించింది.

*

ఎథెల్‌బర్ట్ నొరీగా వరండాలో కూర్చుని పాదాలు ఉప్పునీళ్ల బేసినులో పెట్టుకున్నాడు. సూటు విప్పి మడిచి పెట్టాడు, టోపీ మాత్రం తల మీదే ఉంది. ఆయన వెనక తెరిచిన తలుపులోంచి ముందుగది గోడ కనబడుతోంది. గోడ నడిమధ్యలో ఒకటే ఫోటో. తలమీద అట్ట కిరీటం, చేతిలో కప్పు, నోరంతా తెరిచి నవ్వుతున్న కుర్రాడు. దాని కింద బల్ల మీద, ఎవరూ ముట్టుకోకూడని రికార్డు, దాని కవరులో.

ఎవ్రిల్ రెండు బిరుదులు తెచ్చింది, ఒకటి టొబాగో నుంచి, ఒకటి పార్టీ పాటల పోటీలో. ఆ ఫోటోలు వంటింటి నడవాలో ఉన్నాయి, ఫ్రిజ్ తలుపు తీస్తే కనబడవు. అది ఆమె ఇన్నేళ్లలో ఒక్కసారీ గమనించలేదు. ఇప్పుడు గమనించింది.

"వచ్చావా డూడూ? సోరెల్ చేసి పెట్టాను, తాగు. ఆ డిస్క్ వేసేవాడు తాగి ఉంటాడు, లేకపోతే..."

"సీపర్సాద్ తాగడు నాన్నా."

"అయితే కజోనే. వాడి మతిమరుపు సంగతి తెలుసుగా. ఒకసారి వాడు..."

ఎవ్రిల్ వంగి ఆయన ఒక మోకాలి మీద రుమాలు పెట్టింది. రెండో మోకాలి మీద డిస్క్ పెట్టింది.

"వాసన చూడు," అంది.

ఆయన చూడలేదు. బేసినులో నీళ్లు కదలడం ఆగిపోయింది. దూరంగా సవానా వైపు నుంచి ఏదో ట్రక్కు మోత గాల్లో తేలి వచ్చింది. ఎవరి పాటో తెలియలేదు, డ్రమ్ములు మాత్రమే వినబడుతున్నాయి.

"అడుగు. తిట్టు. అలా నిలబడకు," అన్నాడు.

"తిట్లన్నీ స్టేజి దగ్గరే అయిపోయాయి. తప్పు మనిషిని తిట్టేశాను." ఎవ్రిల్ అరుగు మెట్టు మీద కూలబడింది. "మికాలా నీకు అంత నచ్చిందా నాన్నా?"

"మికాలానా?" ముసలాయన నవ్వాడు. తల అడ్డంగా ఊపాడు. "ఆ పాట నేను వినను కూడా లేదు."

టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. టోపీ లేకుండా ఆయన్ని పగటిపూట చూసి చాలా కాలమైంది. తల చిన్నగా ఉంది.

"నేనే మార్చాను," అన్నాడు. "ఒట్టేసి చెప్తున్నా, కజో దగ్గరికి వెళ్లినప్పుడు నా మనసులో ఏమీ లేదు. వాడు నీ పాట పెద్ద స్పీకర్లలో పెట్టి, 'పెద్దాయనా, ఇదే ఈ ఏటి రోడ్ మార్చ్, వేరే మాట లేదు' అన్నాడు. విన్నాను. వాడు చెప్పక్కర్లేదు, నాకు తెలీదా? నీ మొదటి కేకకే నా కాళ్లు లేచాయి డూడూ. ఈ మోకాళ్లే! కాళ్లు లేచాయి, అదే ఊపులో కడుపు మండింది. ఏది ముందో చెప్పలేను. 'ఆ పిల్లది కూడా ఒకటివ్వు, ఇంట్లో వింటా' అని నా నోరు అడుగుతుంటే, ఎవడ్రా మాట్లాడేది అనుకున్నాను. దార్లో చర్చి గోడ పక్కన కూర్చుని తుడిచాను. కజో దగ్గర్నుంచి మార్కరు కూడా జేబులో వేసుకొచ్చాను చూడు, అంత తెలివిగా ఈ మధ్య ఏ పనీ చెయ్యలేదు. డిస్క్ వేసేవాళ్లు మొదలు తప్ప వినరని నాకు తెలుసు. ఆ రోజుల్లోనూ అంతే.

"మికాలా గెలిస్తే నాకేంటి? ఊళ్లో పిల్ల. పేపర్లో చదివి, ఆ పేపర్లో చేపలు చుట్టుకుంటాం. నువ్వు గెలిస్తే ఆ గోడ మీద ఫోటో మారుతుంది. మూల రమ్ షాపులో నేను అడుగు పెడితే ఏమంటారు? 'రోడ్ మార్చ్ వచ్చాడు, కుర్చీ వెయ్యండి.' ఒక్క పాట అమ్మా. ఆ తర్వాత పాడినవి ఎవరికీ గుర్తులేవు, నాకే గుర్తులేవు. ఆ ఒక్కదాని మీద ఇన్నేళ్లు కుర్చీ వేయించుకున్నాను. ఎల్లుండి నుంచి 'ఎవ్రిల్ వాళ్ల నాన్న వచ్చాడు' అంటారు. అప్పుడూ కుర్చీ వేస్తారు. కానీ ముసలాడని వేస్తారు.

"నువ్వు పుట్టింది ఆ కార్నివాల్ మంగళవారమే. మీ అమ్మ ఆసుపత్రిలో నొప్పులు పడుతోంది, నేను ఫ్రెడెరిక్ స్ట్రీట్‌లో జనం భుజాల మీదున్నాను. కబురొచ్చింది, దిగలేదు. బుధవారం చర్చిలో పెట్టిన బూడిద నుదుటి మీద ఉండగా వచ్చి నిన్నెత్తుకున్నా. మీ అమ్మ నన్ను చూసి, 'నీకిద్దరు పుట్టారు, ఆ పాటా ఈ పిల్లా, ఎవర్ని పెంచుతావో చూస్తా' అంది. చూసే పోయింది.

"పొద్దున్న ముందు సీట్లో కూర్చుని జనానికి చెయ్యూపుతున్నా, చెవులు మాత్రం వెనక్కే ఉన్నాయి. ఆ పిల్ల గొంతు వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. నిజం చెప్తున్నా, హమ్మయ్య అనుకున్నాను. తర్వాత ఆ ఖాళీలో నీ కేక వినబడింది. అంతమందిలో నా బిడ్డ గొంతు. అప్పట్నుంచి మోకాళ్లు కాదు లాగుతున్నది.

"నీ డిస్క్ పారెయ్యలేదు. విరిచేద్దామని రెండు చేతుల్తో పట్టుకున్నాను, వంచాను కూడా. చేతులు రాలేదు. అదిగో, నా రికార్డు కవరులో ఉంది, నా పాట పక్కనే. ఇన్నేళ్లలో ఆ కవరులో రెండోది పెట్టడం ఇదే. తీసుకుపో. ఎవరు మార్చారో అలియాంగ్‌కి చెప్పు, నా పేరు దాచకు. నువ్వు చెప్పకపోతే నేనే ట్రక్కెక్కి మైకులో చెప్తా. ఆ పిల్ల దగ్గరికీ నేనే వెళ్తాను, దాన్ని దొంగన్నది నీ నోరే అయినా అనిపించింది నేను.

"ఒక్కటే అడుగుతా డూడూ. రేపు గెలిచి వచ్చాక ఆ ఫోటో మాత్రం నువ్వు ముట్టుకోకు. నేనే దించుతాను."